తమరెంత దూరం నుంచి దయచేశారు?

మా మావయ్య కట్టిన గోడని పాడుచేసింది నేనే. ఈ మాట మొదటే ఒప్పేసుకుంటున్నాను. నేను ఒప్పుకోకపోతే చెప్పడానికి ఊళ్ళో కనీసం పదిమంది సిద్ధంగా ఉన్నారు, వాళ్ళు చెప్తే ఇంకో రెండు గోడలు కలిపి మరీ చెప్తారు. పాడైంది పడమటి గోడ ఒక్కటే. అది కూడా పగతో చెయ్యలేదు, సరదాకి చేశాను. పగతో చేసి ఉంటే కాస్త శ్రద్ధగా చేసేవాణ్ణి, అంత అన్యాయంగా ఊడిపడేది కాదు.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. మేస్త్రి. పనితనానికి వంక పెట్టడానికి లేదు, తాగడు, అబద్ధమాడడు. ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు. ఇటుక గానీ, ఇసుక గానీ, చెక్క గానీ, ఏది చేతికొచ్చినా వాడేముందు దాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుని రెండు ప్రశ్నలు వేస్తాడు. "ఎంత దూరం నుంచి వచ్చావు? నిప్పులో ఎన్నాళ్ళున్నావు?" అడిగి ఊరుకోడు, జవాబు కోసం ఆగుతాడు కూడా. కొత్తగా పనిలో చేరినవాళ్ళు మొదటిరోజు భయపడతారు, రెండోరోజు నవ్వుతారు, మూడోరోజు నుంచి ఇటుక తరఫున వాళ్ళే జవాబు చెప్పడం మొదలుపెడతారు.

ఈ అడగడంలో ఒక మర్యాదల వరస ఉంది. పునాది తవ్విన చోటే దొరికిన మట్టిని "తల్లీ" అంటాడు. పాత ఇల్లు కూల్చగా మిగిలిన ఇటుకని, చిన్నప్పటి స్నేహితుడు ఎదురుపడ్డట్టు, "ఏరా" అంటాడు. బట్టీలోంచి వచ్చిన కొత్త ఇటుక "ఏవోయ్". సిమెంటు బస్తా దగ్గరికొచ్చేసరికి మాత్రం భుజం మీద తువ్వాలు తీసి, చేతులు కట్టుకుని, "ఏవండీ, తమరెంత దూరం నుంచి దయచేశారు?" అంటాడు. సముద్రాలు దాటొచ్చే నున్నటి రాతి పలకలైతే ఏకంగా "అల్లుడుగారూ". ఎందుకంటే అవి అంత దూరం నుంచి వస్తాయి, వచ్చాక ఏ బరువూ మొయ్యవు, రోజూ తుడుస్తూ ఉండాలి, కాలు జారితే తప్పు మనదే అవుతుంది. కాబట్టి మావయ్య ఏ వస్తువుకైనా మర్యాద చేస్తున్నాడంటే దాన్ని తిడుతున్నాడని అర్థం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నా పీక మీదికి వస్తుంది.

జబ్బు పనిచోట ఆగేదైతే బాగానే ఉండును. టీ బడ్డీ దగ్గర బిస్కెట్టుని కూడా ఇదే అడుగుతాడు. బడ్డీ ఆయన పాపం ప్యాకెట్టు తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న చిరునామా చదివి వినిపిస్తాడు. ఒకసారి మావయ్యకి జ్వరమొస్తే డాక్టరు మాత్రలు రాశాడు. మావయ్య ఆ మాత్రల అట్ట మీద ఊరి పేరు చదివి, ఇంత దూరం ప్రయాణం చేసొచ్చింది, ముందు దీనికే విశ్రాంతి కావాలని అలమారలో పెట్టేశాడు. మూడోరోజు అత్తయ్య ఆ మాత్రని, దానితో పాటు కొన్ని మాటల్ని, ఒకేసారి మింగించింది.

కూతుర్ని చేసుకుంటానని వచ్చిన మొదటి కుర్రాడికీ అదే పరీక్ష జరిగింది. ఎంత దూరం నుంచి వచ్చావంటే, విమానంలో వచ్చానని గొప్పగా చెప్పాడు. నిప్పు దగ్గర ఎన్నాళ్ళున్నావంటే అర్థంకాక, ఇంట్లో పాలు కూడా తాను కాచనని మరింత గొప్పగా చెప్పాడు. మావయ్య వెంటనే లేచి నిలబడి, "తమరు కాఫీ తాగి బయల్దేరండి" అన్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు మూడు వీధుల అవతల, వంటొచ్చిన వడ్రంగితో హాయిగా ఉంది.

ఆయన్ని ఆపగలిగింది ప్రపంచంలో అత్తయ్య ఒక్కతే. కంచంలో కూర వడ్డించగానే మావయ్య నోరు తెరవబోతాడు. ఆవిడ గరిటె కింద పెట్టకుండానే చెప్పేస్తుంది.

"దొడ్లోంచి వచ్చింది, పది అడుగులు. పొయ్యి మీద ఇరవై నిమిషాలుంది. ఇంకేమైనా అడిగితే కంచం కూడా వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. అది ఇంకా దగ్గర."

మావయ్య తలొంచుకుని తింటాడు.

ఇలాంటి మనిషికి మేనల్లుడిగా పుట్టినవాణ్ణి నేనేం చెయ్యాలి? సిమెంటు కొట్టు పెట్టాను.

చదువు నాకు పెద్దగా అంటలేదు. ఫోనులో వీడియోలు చూసి వైరింగు నేర్చుకున్నాను, రంగులు కలపడం నేర్చుకున్నాను, పూత వెయ్యడం కూడా నేర్చుకున్నాననుకున్నాను. ఇరవయ్యో ఏట కొట్టు తెరిచాను. తెరిచిన రోజు మావయ్య వచ్చి, పైకప్పు దాకా పేర్చిన బస్తాల ముందు చేతులు కట్టుకుని నిలబడి, "తమరంతా కులాసాయేనా?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆరోజు నుంచి పనికి పోతూ దారిలో ఆగి రోజూ అదే పలకరింపు. మూడేళ్ళలో నా కులాసా ఒక్కసారీ అడగలేదు.

దాన్ని కూడా భరించాను. భరించలేనిది ఇంకోటుంది. నా కొట్టుకి వచ్చేవాళ్ళకి కూడా ఆ జబ్బు అంటుకుంది. ఇల్లు కట్టుకునే పెద్దమనిషి నాలుగు బస్తాలు కొనడానికొచ్చి, కాస్త మొహమాటపడుతూ, ఇది ఎంత దూరం నుంచి వస్తుంది బాబూ అని అడుగుతాడు. తర్వాత గొంతు తగ్గించి, దీన్ని కాల్చడానికి నిప్పు ఎక్కువ కావాలట కదా అంటాడు. మొదట్లో కోతలు కోశాను. మా బస్తాలకి నిప్పంటే పడదు, నీడలో ఆరబెడతారు అని ఒకాయనకి చెప్తే నమ్మాడు కూడా. కానీ రోజూ కొత్త అబద్ధం తట్టడం కష్టం. చివరికి విసుగెత్తి, ఫ్యాక్టరీ ఎంత దూరమో, సున్నపురాయిని ఎంత వేడి మీద కాలుస్తారో కనుక్కుని, గల్లాపెట్టె వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. సిమెంటు కొట్టులో అలాంటి బోర్డు ఇంకెక్కడైనా ఉంటే చూపించండి. ఊరంతటికీ పిచ్చి అంటించి నా బేరం చెడగొడుతున్నాడని అమ్మ దగ్గర ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు. అమ్మ వాడంతే అని పనిలో పడిపోయేది.

నేనూ ఊరుకోలేదు లెండి. ఒకసారి ఆయన పేర్చుకున్న పాత ఇటుకల్లో ఒకదాని మీద సుద్దతో "నేను నడవలేదు, ఎగిరొచ్చాను" అని రాసి పెట్టాను. మర్నాడు ఆ ఇటుక నా గల్లాపెట్టె మీద కూర్చుని ఉంది. నా రాత కింద ఇంకో లైను ఉంది. "అందుకే మూల విరిగింది."

ఈ పిచ్చి ఎక్కడ పట్టిందని ఒకసారి అడిగాను. వయసులో ఉన్నప్పుడు పదేళ్ళు ఇటుక బట్టీలో బొగ్గు వేశాడట. పొద్దున తెల్లచొక్కాతో వెళ్తే మధ్యాహ్నానికి అది ఏ రంగో చెప్పలేకపోయేవాళ్ళట. తుమ్మితే రుమాలు నల్లగా అయ్యేదట.

"నేల మీద ఒక గోడ కడితే ఆకాశంలో పొగతో ఇంకో గోడ కట్టినట్టేరా," అన్నాడు. "కింద గోడ వద్దనుకుంటే గునపం పెట్టి పడగొడతాం. పై గోడని ఏ మేస్త్రి పడగొడతాడు?"

దానికి నిచ్చెన చాలదులే మావయ్యా అన్నాను. ఆయన నన్నో చూపు చూసి, అప్పటికప్పుడు "తమరు" అనలేదు గానీ, అనబోయి ఆగాడు.

ఇక గోడ సంగతికొస్తాను.

మా వీధి చివర టైలరక్క ఉంది. ఆరు మిషన్లు, తనతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళు, అద్దెకి తీసుకున్న ఒక రేకుల షెడ్డు. ఎండాకాలం ఆ షెడ్డులో ఇస్త్రీపెట్టె వేడెక్కించాల్సిన పని ఉండేది కాదు, బట్ట బల్ల మీద పరిస్తే దానంతటదే ఇస్త్రీ అయ్యేది. మధ్యాహ్నం ఎవరో ఒకరు కళ్ళు తిరిగి పడేవాళ్ళు. పడ్డవాళ్ళ మొహాన నీళ్ళు చల్లడానికి వంతులు కూడా వేసుకున్నారు. ఇంతలో షెడ్డు ఓనరు గోడౌను పెట్టుకుంటానని, వచ్చే నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఆ షెడ్డు పక్కనే అక్కకి అమ్మమ్మ ఇచ్చిన స్థలం ఒకటుంది, అందులో సగం కూలిన పాత ఇల్లు ఉంది. దాని చోట రెండు గదులు లేపాలి. ఆఫీసు నుంచి ఇంజినీరు గారు వచ్చి చూసి బాగుందని రాయాలి. ఆయన రాస్తేనే కరెంటు ఇస్తారు, కరెంటు ఉంటేనే మిషన్లు తిరుగుతాయి. నెలాఖరుకి అది జరక్కపోతే ఆరు మిషన్లూ వీధిలో ఉంటాయి.

అక్క మావయ్య దగ్గరికి వెళ్ళింది. మావయ్య స్థలమంతా తిరిగి, ఒక మూల గుప్పెడు మట్టి తీసి, తడిపి, చేతుల మధ్య పొడుగ్గా చుట్టి చూసి, "ఎంత దూరం నుంచి వచ్చావు తల్లీ?" అన్నాడు. తర్వాత ఆయనే, "ఎక్కడి నుంచీ రాలేదు, ఇక్కడే ఉంది. నిప్పు మొహమే చూడలేదు," అని మురిసిపోయాడు. అంతే, ఆ మట్టితోనే గోడలన్నాడు.

నిజం చెప్పాలి, ఆ పని చూడ్డానికి నేను రోజూ కొట్టు మూసి మరీ వెళ్ళేవాణ్ణి. దొడ్లో వాననీటి గుంట తవ్వి, ఆ మట్టిలో కాస్త ఇసుక, కాస్త సున్నం కలిపి, పొడుగాటి మీట ఉన్న చేతియంత్రంలో వేసి నొక్కితే ఒక్కో ఇటుకా సబ్బుబిళ్ళలా బయటికొచ్చేది. వాటిని బట్టీలో పెట్టలేదు, నీడలో పేర్చి తడిగోనెలు కప్పి వారాల తరబడి ఆరబెట్టాడు. కూలిన ఇంటి ఇటుకలన్నీ పునాదిలోకి వెళ్ళాయి. పునాది మీద నాలుగు గోడల్నీ కలిపి పట్టుకునే పట్టీకి మాత్రం నా దగ్గరికొచ్చి బస్తాలు తీసుకున్నాడు. "ఇక్కడ మాత్రం తమరే రావాలి" అని వాటికి దణ్ణం పెట్టాడు. నలభై అమ్ముడుపోతాయనుకున్న చోట నాలుగే పోయాయి. ఆ నాలుగింటికీ దణ్ణం కూడా. నా కడుపు మండింది. సరదా అక్కడ మొదలైంది.

కూలిన ఇంటి దూలాలు, పెంకులతోనే పైకప్పు పడింది. లోపలంతా, బయట మూడు గోడలకీ సున్నం పూత అయిపోయింది. పడమటి గోడ బయటివైపు ఒక్కటే మిగిలింది. అది ఆఖరున లేచిన గోడ. దాని ఒళ్ళు ఇంకా ఆరలేదు, నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, మావయ్య పక్క ఊళ్ళో కూల్చేస్తున్న హాస్టలు తలుపులూ కిటికీలూ తేవడానికి రెండు రోజుల పని మీద వెళ్ళాడు.

నేను ఒక పెయింటరు స్నేహితుణ్ణి వెంటేసుకుని దిగాను. మావయ్యే పంపాడని అక్కకి అబద్ధం చెప్పాను. ఒక్క పూటలో ఆ గోడకి సిమెంటు పూత వేసేశాం. అద్దంలా వచ్చింది. సిమెంటుకి నీళ్ళు పెట్టాలని వీడియోలో చెప్తారు కదా, రెండు పూటలా పైపు పెట్టి తడిపాను. ఒళ్ళు ఆరని గోడని ఇంకా తడిపానన్నమాట. ఆనక మిగతా మూడింటికీ తేడా తెలీకుండా పైన సున్నం కొట్టించాను. నా ఎత్తు ఏమిటంటే, ఇంజినీరు గారు వచ్చి ఆ గోడని మెచ్చుకోవాలి. మావయ్య మీసం మెలెయ్యాలి. అప్పుడు నేను అందరి ముందూ, మావయ్యా అది నువ్వు వెక్కిరించే తమరే అని చెప్పాలి. ఆ మాట అనడానికి అద్దం ముందు నాలుగుసార్లు అభ్యాసం కూడా చేశాను.

అప్పుడు వాన పట్టుకుంది. మావయ్య అక్కడే చిక్కుకుపోయాడు. ఆయన తలుపులూ కిటికీలూ వేసుకొచ్చిన బండీ, ఇంజినీరు గారి గొడుగూ ఒకే పొద్దున అక్క గుమ్మం ముందుకొచ్చాయి.

ఇంజినీరు గారు మంచివారే గానీ నవ్వడానికి కూడా పై అధికారి అనుమతి కావాలన్నట్టు ఉంటారు. మట్టి గోడ అన్న మాట కాగితం మీద చూసినప్పటి నుంచీ ఆయనకి సుఖం లేదు. గొడుగు మడిచి కర్రలా పట్టుకుని గది గదీ చూశారు. ఆయన వెనక అక్క, అక్క వెనక మిగతా ఐదుగురు, చివర నేను. మావయ్య బండి దిగి నేరుగా గోడల దగ్గరికి నడిచాడు. పెళ్ళి నుంచి వచ్చి పిల్లల్ని చూసుకున్నట్టు ఒక్కో గోడా తడుముతున్నాడు. ఏమ్మా బాగున్నావా అని తూర్పు గోడని అడిగాడు. వానకి జడిశావా అని ఉత్తరపు గోడని అడిగాడు. పడమటి గోడ మీద చెయ్యి వేశాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. వేళ్ళతో ఒకసారి కొట్టాడు. లోపల డొల్లగా మోగింది. మెల్లగా భుజం మీద తువ్వాలు తీశాడు. చేతులు కట్టుకున్నాడు.

"తమరెప్పుడు దయచేశారు?" అన్నాడు గోడతో.

అడగండి సార్, ఏ గోడనైనా తట్టి చూడండి అని అంతకు ముందే అక్క ఇంజినీరు గారితో అని ఉంది. ఆయన గొడుగు మొనతో పడమటి గోడని మర్యాదగా ఒక్క పోటు పొడిచారు. తలుపంత పెచ్చు, ఏమీ తొందర లేకుండా, పైనుంచి ముందుకి వాలి, ఆయన బూట్ల మీద దండం పెట్టినట్టు పడింది.

అక్క మొహంలో రక్తం లేదు. ఇంజినీరు గారు ఒక బూటు విదిలించుకుని, తర్వాత రెండోది విదిలించుకుని, జేబులోంచి పెన్ను తీశారు. మట్టి గోడ అన్నప్పుడే నాకు తెలుసన్నారు. ఆ పెన్ను కాగితం మీద పడితే ఆరు మిషన్లు వీధిలో పడ్డట్టే. నేనే చేశానని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా మావయ్య అడ్డొచ్చాడు.

"గోడ తప్పు కాదండీ," అన్నాడు మావయ్య. "పూత తప్పు. తడిసిన ఒంటికి రెయిన్‌కోటు తొడిగి బొత్తాలు పెట్టేశాం. లోపలి తడి ఎటు పోతుంది? పొట్ట ఉబ్బి ఊడింది. గోడ నాది, పూత పని నాది, తప్పూ నాదే. తమరు ఒక్కసారి సుత్తి తీసుకుని పూత ఊడినచోట గోడని కొట్టి చూడండి. పెచ్చు రాలిందా, నేనే రాసిస్తాను పనికిరాదని."

ఇంజినీరు గారిని ఆయన తమరు అన్నది నేను మాత్రమే పట్టుకున్నాను. ఇంజినీరు గారు అది మర్యాదనుకుని సుత్తి అందుకున్నారు. ఒకటి వేశారు. ఇంకోటి గట్టిగా వేశారు. మూడోది వెయ్యకుండా సుత్తి కింద పెట్టి, చెయ్యి వెనక్కి పెట్టుకుని రహస్యంగా వేళ్ళు ఒత్తుకున్నారు. ఇటుకకి గీత కూడా పడలేదు. ఆ పూతంతా తీసి సరిగ్గా వెయ్యడానికి ఎన్ని రోజులు కావాలని అడిగారు. ఎండ కాస్తే పది అన్నాడు మావయ్య. నెలాఖరుకి పన్నెండు ఉన్నాయి. ఇంజినీరు గారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

ఆయన అలా వీధి మలుపు తిరిగారో లేదో అక్క నా వైపు తిరిగింది.

"మావయ్య పంపాడన్నావు కదరా. ఆ నోరు ఇలా తీసుకురా, కుట్టేస్తాను. డబుల్ కుట్టు వేస్తాను, జన్మలో ఊడదు."

మావయ్య ఉలీ సుత్తీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ గోడ మీది సిమెంటంతా నేనే దింపాలి, లోపలి ఇటుక నలగకూడదు. ఒక్క పెంకు కూడా బయట పారెయ్యకూడదు, అన్నీ గది బయటి అరుగు కింద నింపడానికి పనికొస్తాయి. అన్నిటికన్నా పెద్ద శిక్ష ఏమిటంటే ప్రతి పెంకునీ తమరు అని పిలిచి దింపాలి. వచ్చేపోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. మొదటి రోజు సాయంత్రానికి, తమరు దయచేసి దిగండి అని నేను ఒక మూడొందలసార్లు అని ఉంటాను. షెడ్డులోంచి ఆడవాళ్ళు టీకి లేచినప్పుడల్లా వచ్చి, గొంతు వినపడ్డం లేదని గదిమేవాళ్ళు.

మూడోరోజు బేకరీ ఆయన నన్ను వెతుక్కుంటూ గోడ దగ్గరికే వచ్చాడు. కొట్టు మూసి ఉందేమిటని అడిగాడు. ఆయన డాబా పైకప్పు వేసుకుంటున్నాడు, బస్తాలు కావాలి. ఇది ఎంత దూరం నుంచి వస్తుంది బాబూ అని మొదలుపెట్టగానే, ఉలి దుమ్ము కళ్ళలో పడ్డ కోపంలో, మీకు కూడా మా మావయ్య జబ్బు అంటించాడా అన్నాను.

ఆయన నవ్వాడు. అంటించడమేమిటి, పంపిందే ఆయన అన్నాడు. మావయ్య ఆయన ఇంటికి వెళ్ళి గోడలకి సిమెంటు అక్కర్లేదని తేల్చాడట. పైకప్పు దగ్గర మాత్రం తప్పదన్నాడట.

"తప్పనప్పుడు మా వాడి దగ్గర కొను అన్నారు. నీ ఇంటికి నాలుగు వీధులే, బండి ఖర్చు, బండి పొగ రెండూ తక్కువ. బస్తాల కింద చెక్కలు వేసి తడి తగలకుండా పెడతాడు, గడ్డకట్టింది అంటగట్టడు అన్నారు. వెళ్ళగానే ఆ రెండు ప్రశ్నలూ అడగమన్నారు. అడిగితేనే ఎవరు పంపారో తెలుస్తుందట. తెలీదా నీకు?"

నాకు తెలీలేదు. ఉలి కింద పెట్టేశాను. మూడేళ్ళుగా నా కొట్టుకొచ్చి మొహమాటపడుతూ ఎంత దూరం, ఎంత నిప్పు అని అడిగినవాళ్ళంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. బావికి గట్టు వేయించుకున్న రైతు. నీళ్ళ ట్యాంకు కట్టించుకున్న స్కూలు హెడ్మాస్టరు. బేరం చెడగొట్టడానికి ఊరంతటికీ జబ్బు అంటించాడని నేను ఎవరెవర్ని చూపించి అమ్మ దగ్గర మొత్తుకున్నానో, వాళ్ళల్లో ఒక్కడు కూడా కొనకుండా వెళ్ళలేదు. ఆ ప్రశ్నలు అడగని వాళ్ళు ఎంతమంది వచ్చారా అని లెక్కపెట్టబోయి, పరువు పోతుందని మానేశాను.

అక్క షెడ్డు కిటికీలోంచి తల బయటపెట్టి, ఇప్పటికి తెలిసిందా అయ్యగారికి అంది. ఊళ్ళో నీకు తప్ప అందరికీ తెలుసంది.

గోడ శుభ్రమైంది. మావయ్య దాన్ని నాలుగు రోజులు ఎండకి, గాలికి వదిలేశాడు. తర్వాత సున్నం పూత, రెండు పలచటి వరసలు, ఆయనే తన చేత్తో వేశాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు, నీళ్ళ బకెట్టుని మాత్రం ముట్టుకోనిచ్చాడు, అది కూడా ఖాళీగా ఉన్నప్పుడే.

నెలాఖరుకి ఒక రోజు ముందు ఇంజినీరు గారు వచ్చారు. ఈసారి గొడుగు గుమ్మం దగ్గరే వదిలేశారు. బయట ఎండ పెళపెళలాడుతోంది. లోపలికి వచ్చి, గోడలు చూసి, హాస్టలు కిటికీలు చూసి, ఆరు మిషన్ల స్థలం చూసి, ఎవరూ కూర్చోమనకుండానే ఒక స్టూలు మీద కూర్చున్నారు. చెమట తుడుచుకోబోతే తుడవడానికి ఏమీ లేదు. ఇక్కడ ఫ్యాను ఎక్కడుందని వెతికారు. ఇంకా కరెంటే లేదు సార్, అది మీరు రాయాల్సింది అంది అక్క. ఆయన కాగితం తీశారు గానీ రాయకుండా కాసేపు గోడ మీద అరచెయ్యి ఆనించి ఉంచారు.

"మేస్త్రిగారూ, ఈ మట్టి ఎంత దూరం నుంచి వచ్చింది?" అన్నారు.

గదిలో ఆరుగురు ఆడవాళ్ళూ ఒకేసారి నవ్వు ఆపుకోవడానికి మొహాలు తిప్పుకున్నారు. మావయ్య కిటికీలోంచి దొడ్లో గుంటని చూపించాడు. అందులో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇంజినీరు గారు ఆ గుంటనీ, గోడనీ మార్చి మార్చి చూసి, సంతకం పెట్టేశారు. పెట్టాక ఇంకో అరగంట ఆ స్టూలు మీదే ఉండిపోయారు. ఆఫీసులో చాలా వేడిగా ఉంటుందన్నారు.

మర్నాడు కరెంటు ఇచ్చారు, మిషన్లు కొత్త గదుల్లోకి వచ్చాయి. వైరింగు నేనే చేశాను, అది నాకు నిజంగానే వచ్చు. ఆరు మిషన్లూ ఒకేసారి తిరుగుతుంటే మావయ్య బయట అరుగు మీద కూర్చుని వింటున్నాడు. ఆ అరుగు కింద ఉన్నవన్నీ నా తమర్లే. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అద్దం ముందు అభ్యాసం చెయ్యకుండానే, గోడ సంగతి మొత్తం చెప్పేశాను. కడుపుమంట, పెయింటరు, పైపు, సున్నం, అన్నీ. గోడ మీద చెయ్యి వేసినప్పుడే తెలుసన్నాడు. ఎవరు చేశారో కూడానా అంటే, పూత మీద గీతలు నా రాతలాగే వంకరగా ఉన్నాయన్నాడు.

అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"మూడేళ్ళ నుంచి నా కొట్టు ముందు నిలబడి నా సరుకుని వెక్కిరిస్తున్నావు. వెనక నుంచి ఊరంతటినీ నా కొట్టుకే పంపుతున్నావు. ఎందుకు మావయ్యా?"

మావయ్య భుజం మీద తువ్వాలు తీశాడు. చేతులు కట్టుకున్నాడు. ఆ వాలకం చూడగానే నాకు అర్థమైపోయింది, మూడేళ్ళకి ఇవాళ నా వంతు వచ్చిందని.

"తమరి కొట్టు మూతపడితే తమరు మేస్త్రి పనికి దయచేస్తారని భయపడ్డానండీ," అన్నాడు. "ఊళ్ళో ఇంకా చాలా గోడలున్నాయి."